నడిపిదాని వాటా

గంట టైమిచ్చారు. సరిగ్గా నాలుగింటికి బస్సు తీస్తాను, ఎవరి కోసమూ ఆగేది లేదు అని డ్రైవరు మెట్ల మీద నిలబడి మరీ చెప్పాడు. అంత గట్టిగా చెప్పేవాళ్ళే పావుగంట ఆలస్యం చేస్తారని పెద్దక్కకు తెలియక కాదు, అయినా ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆస్పత్రి మందుల స్టోరులో గడువు తేదీలు చూసుకుంటూ బతుకుతున్న మనిషి, ఆమెకు టైమంటే టైమే, దిగుతూనే గడియారం చూసుకుంది, మూడు గంటల రెండు నిమిషాలు, అంటే ఆ రెండూ అప్పుడే పోయాయన్నమాట. పది ఆస్పత్రుల స్టోరువాళ్ళను ఒక హాల్లో కూర్చోబెట్టి ఏ మందు ఎంత చల్లదనంలో ఉంచాలో రెండు రోజులపాటు నూరిపోశారు. చెప్పినవాడికి ఆమె వయసులో సగం లేదు, తెలిసింది అందులో సగం. సరే, అయింది. ఇప్పుడు తిరుగు ప్రయాణం, దారిలో ఈ వీధి, ఇక్కడివాళ్ళు చేతుల్తో చేసినవే అమ్మే వీధి అట, బుట్టలు, చెక్క గరిటెలు, ఊలు శాలువాలు, మట్టి సామాను, అందరూ పరుగులాంటి నడకతో దుకాణాల్లోకి చొరబడ్డారు. అందరికీ ఇంట్లో ఎవరో ఒకరు ఎదురు చూస్తుంటారు, ఏం తెచ్చావని అడుగుతారు. పెద్దక్క ఇవాళ దిగబోయేది తన ఇంటి దగ్గర కాదు. దిగితే. ఆరింటికి బస్సు నడిపిదాని ఊళ్ళో ఆగుతుంది, పది నిమిషాలు, టీ తాగడానికి. నడిపిదంటే ఆమె తర్వాతది, ముగ్గురిలో రెండోది, పద్నాలుగు నెలలుగా మాటల్లేని చెల్లి. ఆ పది నిమిషాల్లో సంచీ తీసుకుని దిగిపోతుందో, కిటికీ పక్కన కూర్చుని టీ తాగి ముందుకు పోతుందో పెద్దక్కకే తెలియదు. దిగేటట్టయితే మాత్రం చేతిలో ఏదో ఒకటి ఉండాలి, ఆ ఏదో ఒకటి ఈ యాభై ఎనిమిది నిమిషాల్లో దొరకాలి.

మరిది, అదే నడిపిదాని మొగుడు, పెట్టిన మెసేజీ పొద్దున్నుంచి నాలుగుసార్లు చదివింది. వదినా, మీ బస్సు మా ఊరి మీదుగానే వెళ్తుందట కదా, ఈవిడ రమ్మనీ అనట్లేదు, వద్దనీ అనట్లేదు, వచ్చేయండి. పాపం, మంచివాడు. కానీ రమ్మనీ అనట్లేదు వద్దనీ అనట్లేదు అంటే ఏమిటర్థం? దానికి అర్థం వెతకడం దండగ, అది నడిపిది, పుట్టినప్పటినుంచీ అంతే. పెద్దది తను, ఆఖర్న చిన్నది, మధ్యలో అది. అమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు పిల్లల బట్టలు కుట్టేది, గుడ్డ కోసం, దారాల కోసం దూరం ఊళ్ళు వెళ్ళేది, ఎక్కడికెళ్ళినా ఏది తెచ్చినా మూడు తెచ్చేది, మూడూ ఒక్కలాంటివే, మూడు దొరక్కపోతే అసలు తెచ్చేది కాదు. మూడు దువ్వెనలు. మూడు పెన్సిలు డబ్బాలు. మూడు చెక్క పిట్టలు, తోక నొక్కితే ముక్కు తెరిచేవి, ఆ ముక్కుల మధ్య వేళ్ళు పెట్టుకుని ముగ్గురూ ఒకేసారి ఏడ్చారు, ఏడవడంలో కూడా వాటాలు సమంగానే వచ్చాయని అమ్మ నవ్వింది. పెళ్ళిళ్ళయ్యాక కూడా ముగ్గురూ ఆ పద్ధతి వదల్లేదు. ఎవరు ఏ ఊరెళ్ళినా అక్కడి చేతిపని ఏదో మూడు తేవాలి, ఒకటి తనకు, రెండు మిగిలినవాళ్ళకు. చిన్నది రాళ్ళతో చేసిన పేపరు వెయిట్లు మూడు మోసుకొచ్చి నడుం పట్టేసి వారం పడుకుంది. ఇదిగో ఇప్పుడు కూడా పెద్దక్క మొదటి కొట్టులో గుమ్మం పక్కనున్న చెక్క గరిటెలు చేతిలోకి తీసుకుని, చూస్తే మూడు. చేతికి ఎవరు చెప్పారు మూడని? చిన్నదానికి మొన్నే ఫోను చేసింది, నాకేం వద్దులే అక్కా, ముందు నువ్వు దాని దగ్గరికెళ్ళు అంది. గరిటెలు తిరిగి పెట్టేసింది. పక్కన ఎక్స్‌రే ఫిల్ముల స్టోరు ఆయన తాళంచెవుల గొలుసులు లెక్కపెట్టుకుంటున్నాడు, పదకొండు కావాలట, మా సెక్షన్లో పదకొండుమందిమండీ, ఒక్కటి తగ్గిందంటే ఏడాదంతా నన్ను పీక్కు తింటారు అంటున్నాడు, అంటూనే మళ్ళీ మొదటినుంచి లెక్క. అదృష్టవంతుడు, పదకొండు దొరికితే చాలు ఆయనకు. మూడూ పదిహేను.

శాలువాలు వద్దు. శాలువా అస్సలు వద్దు, ఆ మాట ఎత్తితేనే మొహం తిప్పేసుకుంటుంది, దాని సంగతి తర్వాత. బుట్టలా? బుట్టల్లో ఏం ప్రేమ ఉంటుంది. ఊలు సాక్సులా, పద్నాలుగు నెలల తర్వాత తలుపు తీసి ఎదురుగా అక్కను చూసి, ఆ అక్క సాక్సులు చాపితే, ఛీ. వీధి వాలుగా కిందికి పోతోంది, రాళ్ళు పరిచిన వీధి, కొత్త చెక్క వాసన, ఎక్కడో వార్నిషు, ఎవరో సుత్తితో రేకు కొడుతున్నారు టింగు టింగుమని, ఆ చప్పుడుకు పన్ను పీకినట్టుంది. మట్టి సామాను కొట్టు ముందు ఆమె కాళ్ళు ఆగాయి, ఆగి, వద్దులే అనుకుని నాలుగడుగులు ముందుకేసి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. మట్టి సామానంటే ఆమెకు భయం. భయమే, ఇంకో మాట లేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఇలాంటి వీధిలోనే, ఇలాంటి కొట్లోనే మూడు పూలకుండీలు కొంది, పొడుగు మెడవి, పైన గాజుపూత, బల్ల మీద పెట్టుకునేవి. గుడ్డల్లో చుట్టి, ఆ గుడ్డల మీద ఇంకో గుడ్డ చుట్టి తెచ్చింది, ఇంటికొచ్చి విప్పితే ఒకదాని మెడ రెండు ముక్కలు. ఎంత ఏడుపొచ్చిందో. ఇంకోటి కొనడానికి ఆ ఊరు పక్కింట్లో లేదు. మూడు లేకపోతే రెండూ ఇవ్వడానికి లేదు, అమ్మ రూలు. స్టోరులోంచి జిగురు తెచ్చుకుని, సూదికి మందెక్కించినంత జాగ్రత్తగా అతికించింది, అతుకు వెంట్రుక మందాన కూడా కనపడకుండా, తన పనితనానికి తనే మురిసిపోయింది కూడాను. తర్వాత మూడూ బల్ల మీద వరసగా పెట్టి చూసుకుంది. చిన్నదానికి ఇస్తే అది కనిపెట్టేస్తుంది, కనిపెట్టి ఇల్లు పీకి పందిరేస్తుంది. తను ఉంచుకోవచ్చు. ఉంచుకోవచ్చునని అనుకుంది కూడా, ఒక నిమిషం అనుకుంది, అబద్ధం ఎందుకు. కానీ కిటికీ పక్కన పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అప్పటికే చూసేసుకుంది. నడిపిదైతే ఏమీ అనదు. అంతే, ఆ ఒక్క మాట, నడిపిదైతే ఏమీ అనదు, దాన్ని అనుకోవడానికి ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు. అది కుండీని రెండు చేతుల్తో పట్టుకుని, భలే ఉందక్కా, మూడిట్లోనూ నాదే బాగున్నట్టుంది అంది.

ఆరు నెలల తర్వాత వాళ్ళింటికి వెళ్తే ఆ కుండీలో ఎండుగడ్డి పూలున్నాయి. నీళ్ళు పోసి మంచి పూలు పెట్టుకోవేమే అంటే, ఇవైతే రోజూ మార్చక్కర్లేదు కదా అక్కా అంది, అని టీ కలపడానికి లోపలికి పోయింది. ఆ జిగురు నీళ్ళకు ఆగదు. మందుల మనిషి, ఏది నీళ్ళలో కరుగుతుందో ఏది కరగదో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొదటి రెండు రోజుల్లోనే కారి ఉంటుంది, ఆ బల్లంతా తడిసి ఉంటుంది, అది గుడ్డ తెచ్చి తుడుచుకుని, కుండీని ఎత్తి చూసుకుని, అతుకు మీద వేలు పెట్టి, అర్థం చేసుకుని, కిమ్మనకుండా గడ్డిపూలు పెట్టుకుని ఉంటుంది. ఒక్క మాట అనుంటే? ఏమే అక్కా, నీకు సిగ్గులేదా అని ఒక్క తిట్టు తిట్టుంటే? తిట్టించుకునేది, ఏడ్చేది, తన కుండీ తెచ్చి ఇచ్చేసేది, అయిపోయేది. తిట్టనివాళ్ళ దగ్గర తప్పులు అలా నిలవుండిపోతాయి, గడువు తేదీ ఉండదు వాటికి. ఇంట్లో తన కుండీ ఇప్పటికీ కిటికీ పక్కనే ఉంది, బంగారంలాగా ఉంది, దాంట్లో నీళ్ళు మార్చేటప్పుడల్లా నడిపిది గుర్తొస్తుందని చెప్పుకోవాలని ఉంది ఆమెకు, కానీ నిజం చెప్పాలంటే గుర్తొచ్చేది కాదు, ఈ పద్నాలుగు నెలల నుంచే వస్తోంది.

కొట్లో జనం లేరు. వెనకే పనిచేసే గది, తెర తీసే ఉంది, మట్టి తిప్పే సారె ఇంకా నెమ్మదిగా తిరుగుతోంది ఇప్పుడే ఎవరో లేచినట్టు, ఆ లేచినావిడే మోచేతుల దాకా మట్టితో వచ్చి నిలబడింది, రెండు చేతులూ పైకి పట్టుకుని, ఆపరేషను గదిలోంచి వచ్చిన డాక్టరులాగా. "మీరే తీసి చూసుకోండమ్మా, నేను ముట్టుకుంటే మళ్ళీ తుడవాలి" అంది. నీళ్ళ కూజాలు, పొట్టివి, గుప్పిట్లో పట్టే మెడ, ఒక పక్క పిట్ట ముక్కంత మూతి, చేతికి చల్లగా, బరువుగా, ఎవరికైనా ఇవ్వాలనిపించేలా ఉన్నాయి. ఎంత కాదనుకున్నా నోరు పాత మాటే అంది. "ఒక్కలాంటివి మూడు కావాలండీ."

"ఒక్కలాంటివా? కష్టమేనమ్మా. చేత్తో చేసినవి కదా, అక్కచెల్లెళ్ళలా ఉంటాయి గానీ కవలల్లా ఉండవు." అని ఆవిడే నవ్వుకుంది. పెద్దక్క నవ్వలేదు. ఒక్కొక్కటే తీసి తిరగేసింది, వెలుతురుకు పెట్టి చూసింది, వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది, ఇది ఆమె ఉద్యోగం, పగిలిన సీసా, వదులు మూత, తేడా పడ్డ రంగు, పెట్టెలో వంద ఉంటే చెడ్డది ఎక్కడుందో ఆమె చేతికి ముందే తెలుస్తుంది, స్టోరులో అందరూ ఆ మాట చెప్పుకుంటారు, మేడం చెయ్యి తగిలితే దొంగ సీసా తనంతట తనే బయటికొస్తుందని. మంచి కూజా ఖంగుమంటుంది. ఖంగు, ఖంగు, ఇది కాదు, ఇది పర్లేదు, ఖంగు. అయిదు నిమిషాల్లో మూడు తేలాయి, తేనె రంగువి, చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. రెండు కుడివైపు పెట్టింది. మూడోది పలక మీద పెడితే కొద్దిగా ఊగింది, అడుగు సమంగా లేదు, మనిషి ఒక కాలి మీద బరువేసి నిలబడినట్టు ఓ పక్కకు ఒరిగింది. దాన్ని ఎడమవైపు పెట్టింది.

"ఆ పక్కకి పెట్టింది వద్దామ్మా?" అని అడిగింది కొట్టావిడ.

"ఉండనివ్వండి" అంది పెద్దక్క, కళ్ళజోడు తుడుచుకుంటూ. "అది మా నడిపిదానికి."

అనేసింది. అని, ఆ మాట తన చెవిన పడ్డాక, కళ్ళజోడు చేతిలో అలాగే ఉండిపోయింది. ఎవరడిగారు దాన్ని ఎవరికని? పక్కకి పెట్టింది వద్దా అనే కదా అడిగింది ఆవిడ. ఎంత సులువుగా వచ్చింది నోట్లోంచి, నీళ్ళు తాగినంత సులువుగా. ఇరవై రెండేళ్ళ కిందటి కుండీకి బాధపడుతూ, ఇప్పుడే, ఇక్కడే, వీధిలో నిలబడి కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి, పది నిమిషాలు కాలేదు, ఒరిగిపోయింది తీసి దాని వాటాకు పెట్టింది. పెట్టింది తను కాదు, చెయ్యి. చెయ్యి ఎవరిది మరి? దొంగ సీసాను పట్టే చెయ్యి, పట్టి ప్రతిసారీ దాన్ని నడిపిదాని వైపు తోసే చెయ్యి. ఎన్నిసార్లు తోసి ఉంటుంది? కుండీ ఒకటే తెలుసు, అది విరిగింది కాబట్టి. దువ్వెనల్లో పన్ను పోయింది ఎవరికెళ్ళింది, పెన్సిలు డబ్బాల్లో మూత బిగుసుకుపోయింది ఎవరిది, చెక్క పిట్టల్లో ఒకదానికి కన్ను ఉండేది కాదు, ఒంటికన్ను పిట్ట అని పాడుకుంటూ తిరిగేవాళ్ళు ఇంట్లో, ఎవరిదది, ఎవరి చేతిలో ఉండేది, ఆ గౌను అంచు, ఆ చిన్న వేళ్ళు. నడిపిదానివే. దానికి ఆ పిట్టంటే ముద్దు అనుకున్నారు అందరూ.

అమ్మకు ఇంకో రూలుండేది. కోసినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలి. కేకు గానీ, పండు గానీ, ఆఖరికి నోటుపుస్తకానికి వేసే అట్ట కాగితం గానీ, ఎవరు మూడు ముక్కలు చేస్తే వాళ్ళు చివర్న మిగిలింది తీసుకోవాలి, అప్పుడు వాళ్ళు చచ్చినట్టు సమంగా కోస్తారని అమ్మ తెలివి. మంచి రూలే. దాంట్లో కిటుకు పెద్దక్క తొమ్మిదో ఏటే కనిపెట్టేసింది, అసలు కత్తి పట్టుకోకుండా ఉంటే చాలు. నువ్వు కోయవే, నీ చెయ్యి నిదానం, నేను కోస్తే వంకరపోతుంది అనేది. చిన్నదానికి కత్తి ఇవ్వరు కదా, చిన్నది. నడిపిది ఆ మాటకు పొంగిపోయేది, నిజంగానే, మొహం వెలిగిపోయేది, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక కన్ను మూసి, కొలిచినట్టు కోసేది, అమ్మ మిషను దగ్గర్నుంచి తలెత్తి ఎంత సమంగా కోసిందో నా తల్లి అనేది. సమమే. కానీ కేకుకు ఒక అంచున క్రీము పువ్వు ఒకటే ఉంటుంది, ఒక పక్క కొంచెం మాడి ఉంటుంది, ఎంత నిదానం చెయ్యైనా మాడినదాన్ని మూడు సమభాగాలు చెయ్యలేదు. ముందు తను తీసుకునేది, తర్వాత చిన్నది, మిగిలింది అది. ఒక్క రోజు కూడా నువ్వు కొయ్యి అక్కా, ఇవాళ నేను ముందు తీసుకుంటాను అనలేదు అది. ఏది కావాలే అంటే, ఏదైనా పర్లేదక్కా. ఆ ఏదైనా పర్లేదు అన్న మాట మీద ఇల్లు ఇల్లంతా నడిచింది యాభై ఏళ్ళు. అమ్మ మంచం పట్టినప్పుడు ఎవరింట్లో ఉంచాలన్నా అదే మాట, మా ఇంట్లో ఉంటే పర్లేదక్కా, మూడేళ్ళు చేసింది. పెద్దక్క పదిహేను రోజులకోసారి మందులు తీసుకెళ్ళేది, గడువు తేదీలన్నీ చూసి మరీ, పెట్టె మీద పొద్దున, సాయంత్రం అని రాసి మరీ, బల్ల మీద పెట్టి, అమ్మ పక్కన అరగంట కూర్చుని, బస్సుకు టైమవుతోందని లేచి వచ్చేసేది.

అమ్మ పోయిన పదమూడో వారం, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముగ్గురూ మంచం చుట్టూ నిలబడ్డారు, అమ్మ సామాను పంచుకోవడానికి. పెద్ద ఆస్తేం కాదు, కుట్టుమిషను, చేతి గడియారం, ఫొటోల ఆల్బం, శాలువా, వేడినీళ్ళ సంచీ, కళ్ళజోడు. అప్పుడు కూడా, వెధవ నోరు, అప్పుడు కూడా ఆ నోరు అదే మాట అంది, నువ్వే పంచవే, నీ చెయ్యి నిదానం. యాభై ఏళ్ళ నడిపిది ఆ మాటకు ఈసారి పొంగలేదు. ఒకసారి అక్క మొహంలోకి చూసి, పంచడం మొదలుపెట్టింది, మిషను ఒక వాటా, గడియారం ఆల్బం ఒక వాటా, మిగిలినవన్నీ ఒక వాటా. గడియారం ఆల్బం మీద పెట్టాక దాని చెయ్యి అక్కడ కాసేపు ఆగింది, వేలితో గడియారం అద్దం తుడిచింది, మూడేళ్ళూ రోజూ పొద్దున దానికి కీ ఇచ్చింది అదే కదా. పెద్దక్క చూసింది. అదే అసలు సంగతి, దాన్ని ఎటు తిప్పి చెప్పుకున్నా అక్కడికే వస్తుంది, చూడలేదని ఎవరితోనైనా చెప్పగలదు గానీ తనతో తను చెప్పుకోలేదు. చూసింది, చూసి, గడియారం తీసుకుంది. ఇదిగో ఇదే, ఈ చేతికున్నదే. చిన్నది మిషను తీసుకుంది. మిగిలిన వాటా వైపు చూసి, అమ్మ శాలువా నీకే రావాలిలేవే, రోజూ కప్పింది నువ్వే కదా అంది పెద్దక్క, ఓదార్చినట్టు, పైపెచ్చు ఓదార్పు. నడిపిది శాలువాను మడత పెట్టింది, కళ్ళజోడు దాని మీద పెట్టింది, వేడినీళ్ళ సంచీలో మిగిలిన నీళ్ళు సింకులో వంపి వచ్చింది. నాకొద్దక్కా అంది. యాభై ఏళ్ళలో మొదటిసారి. ఏంటే, ఏది కావాలో చెప్పు మరి, మార్చుకుందాం అంటే, ఏమీ వద్దు, మీరే తీసుకోండి, మిమ్మల్ని బస్సు దాకా దింపమని ఆయనతో చెప్తాను అంది. అది దాని ఇల్లు, వెళ్ళిపోవడానికి దానికి వేరే చోటు లేదు, వీళ్ళే వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత ఫోనులు ఎత్తలేదు. అలిగింది, అదే వస్తుంది అనుకుంది పెద్దక్క మొదటి నెల. రెండో నెల, దీనికింత పొగరెప్పుడొచ్చింది అనుకుంది. మూడో నెల నుంచి ఏమీ అనుకోలేకపోయింది.

"మంచినీళ్ళు ఇమ్మంటారా?" అంటోంది కొట్టావిడ. ఎప్పుడు కడుక్కుందో చేతులు కడుక్కుంది. పెద్దక్క అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది, ఎప్పుడు కూర్చుందో తెలియదు. మూడూ ముప్పై ఎనిమిది. "ఒరిగింది తీసెయ్యండి" అంది. "అన్నీ తీసెయ్యండి. ఒక్కటి చాలు. ఒక్కటే, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది. మా చెల్లికి."

"అన్నీ నావే, ఏది మంచిదని చెప్పను" అంది ఆవిడ, కానీ మొహం చూసి ఊరుకుంది. లోపలికెళ్ళి, బట్టీలోంచి నిన్న తీసినవట, ఒక బల్ల నిండా తెచ్చి పెట్టింది, నీలం, ఆకుపచ్చ, తెలుపు, ఇటుక రంగు, పసుపు. దేనికదే నిటారుగా నిలబడ్డాయి. "అన్నీ బాగా కాలినవే, ఎంచాల్సిన పని లేదు. ఆవిడకి ఏ రంగు ఇష్టమో చెప్పండి, అది కడతాను."

ఏ రంగు ఇష్టం. ఇంతేనా, అనుకుంది పెద్దక్క, నోరు తెరిచింది. చిన్నదైతే పసుపు, నిద్రలో లేపి అడిగినా చెప్తుంది, చిన్నదానికి ఆకుపచ్చంటే ఒళ్ళు మంట, కప్పు గుండ్రంగా లేకపోతే టీ తాగదు, దిండు రెండు వైపులా చల్లగా ఉండాలి, చిన్నదాని ఇష్టాలు పెద్ద పుస్తకం. నడిపిదానికి. చిన్నప్పుడు గులాబీ రంగు గౌన్లే వేసుకునేది, అవును, గులాబీ. కాదు కాదు. ఆ గౌన్లు తనవి. గులాబీ రంగంటే పిచ్చి తనకు, అమ్మ తనకు కుట్టేది, ఏడాది వేసుకున్నాక అవి నడిపిదానికి వెళ్ళేవి, ఇద్దరు వేసుకున్నాక చిన్నదానికి ఇవ్వడానికి వాటిలో గుడ్డ మిగిలేది కాదు, చిన్నదానికి కొత్తవి కుట్టేది అమ్మ. అంటే ఆ ఇంట్లో కొత్త బట్ట మీద తన రంగు చెప్పనిది అదొక్కతే. పెళ్ళి బట్టలు? ఆ కొట్టుకు తీసుకెళ్ళింది తనే, ఎంచింది తనే, అది ఏదైనా పర్లేదు అంది. దాని ఇంటి గోడలు? వంటింటికి ఏం రంగు వేయించావే ఇది, ఇటు బూడిదా కాదు అటు నీలమూ కాదు అని అడిగితే, పెయింటరు దగ్గర మిగిలిపోయిన రంగట అక్కా, పనికొచ్చిందిలే అంది. దాని సంచీ, దాని గొడుగు, దాని చెప్పులు, దాని కప్పు, ఒక్కొక్కటీ కళ్ళముందుకు వస్తోంది, ఒక్కదానిలోనూ అది లేదు, ఎవరో ఇచ్చినవి, ఎవరికో సరిపోనివి. నవ్వుకు ముందు నుదురు గీరుకుంటుందని తెలుసు. జ్వరం వస్తే మాట్లాడదని తెలుసు. ఏ రంగు ఇష్టమో తెలియదు. యాభై ఒక్క ఏళ్ళ చెల్లెలు, ఒక మంచం మీద పదిహేనేళ్ళు పడుకున్నారు. సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది ఆమెకు, పరాయి ఊళ్ళో, మట్టి చేతుల మనిషి ముందు, లెక్కలో పట్టుబడిన పిల్లలాగా.

"గుర్తు రావట్లేదా?" అంది కొట్టావిడ మెల్లగా.

"గుర్తుండటానికి తెలిస్తే కదమ్మా" అంది పెద్దక్క. అని ఫోను తీసింది. మరిదికి చేద్దామనుకుంది ముందు, వేలు ఆయన పేరు మీదకు వెళ్ళింది కూడా. వద్దు, మళ్ళీ ఇంకొకరి ద్వారానా? నడిపిదాని నంబరు నొక్కింది, మోగుతోంది, నాలుగు, అయిదు, ఎత్తదులే అనుకుంటుంటే ఎత్తింది. అవతల కుళాయి నీళ్ళ చప్పుడు, కట్టేసిన చప్పుడు.

"ఎక్కావా?"

ఇంతే అంది అది. పద్నాలుగు నెలల తర్వాత హలో లేదు, అక్కా లేదు, ఎక్కావా అని. అంటే చూస్తోంది. బస్సు టైములు తెలుసుకుని కూర్చుని ఉంది. పెద్దక్క కొట్టావిడ ఇచ్చిన నీళ్ళు ఒక గుక్క తాగింది.

"ఇంకా లేదే. నాలుగింటికి. ఒక మాట అడుగుతాను చెప్పు. నీకే రంగు ఇష్టం?"

"దేనికి?"

"దేనికని కాదు. అసలు. నీకు, నీ అంతట నీకు, ఏ రంగంటే ఇష్టం?"

అవతల ఏదో గిన్నె పక్కకు పెట్టిన చప్పుడు. ఇప్పుడంటుంది, ఏదైనా పర్లేదు అంటుంది అనుకుంది పెద్దక్క, అంటే బాగుండునని కూడా అనుకుంది, పాపిష్టి మనసు, ఆ మాట అనేస్తే పాత నడిపిది తిరిగొచ్చినట్టే, నీలమో తెలుపో ఏదో ఒకటి కట్టించుకుని వెళ్ళిపోవచ్చు, అన్నీ సర్దుకుపోతాయి. అది అనలేదు.

"తెలియదక్కా."

"కోపంగా చెప్తున్నావా?"

"కోపం కాదు. ఆలోచించే చెప్తున్నాను. నువ్వడిగితే చూస్తున్నాను, ఇక్కడ వంటింట్లో నిలబడి చుట్టూ చూస్తున్నాను, ఏ రంగూ..." ఆగింది. గొంతు పెద్దది కాలేదు, ఎప్పటి గొంతే, కేకు కోసేటప్పటి నిదానమే. "మీరిద్దరూ తీసుకున్నాక ఏది మిగిలితే అదే నాకిష్టం అనుకునేదాన్ని. నిజంగానే ఇష్టపడేదాన్ని కూడా. అసలు నాదేంటో చూసుకోలేదు. అమ్మకేమన్నా తెలిసుండేదేమో, తను ఉన్నప్పుడు అడగాలని తోచలేదు. ఇప్పుడెవర్ని అడగమంటావు?"

వీధి చివర బస్సు హారను మోగింది. డ్రైవరు మాట తప్పేటట్టు లేడు. పదకొండు గొలుసుల ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, రండి మేడం, టైమైపోయింది అని కేకేసి పరుగెత్తాడు. ఫోను చెవి దగ్గరే ఉంది, అదీ పెట్టెయ్యలేదు, తనూ పెట్టెయ్యలేదు. కొట్టావిడ నీలం కూజా ఒక చేత్తో, తెల్లది ఇంకో చేత్తో పట్టుకుని, కాగితం చుట్టడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

"ఏ రంగటమ్మా?"

"తెలియదట" అంది పెద్దక్క. "దానికీ తెలియదట."